నీలి వెలుగు లెక్కలు: యూవీ దీపంతో గది శుద్ధి ఎంతవరకు?

యూవీ (అతినీలలోహిత) దీపం స్విచ్ వేయగానే గదంతా లేత నీలం పరుచుకుంటుంది. ఆ రంగు చూస్తే ఏదో గట్టి పనే జరుగుతోందనిపిస్తుంది. నిజానికి ఆ నీలానికీ క్రిములు చావడానికీ సంబంధం లేదు. ట్యూబులోని పాదరసపు ఆవిరి పనిలో పనిగా కాస్త మామూలు వెలుతురు కూడా ఇస్తుంది, కంటికి కనిపించేది అదే. అసలు పని చేసే కిరణం 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. అది ఎవరి కంటికీ కనబడదు. కనబడకపోవడం వల్లే యూవీ పరికరాల దగ్గర రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. పని చేయని దీపం పని చేస్తోందనుకోవడం ఒకటి. ప్రమాదమైన దీపాన్ని చూసి ఏం కాదులే అనుకోవడం రెండోది. ఈ రెండింటినీ తప్పించుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు ఏ యూవీ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. అతినీలలోహిత కిరణాల్లో మూడు వర్గాలున్నాయి. 315 నుంచి 400 నానోమీటర్ల వరకు ఎ, 280 నుంచి 315 వరకు బి, 100 నుంచి 280 వరకు సి. ఎండలో మన మీద పడేది ఎక్కువగా ఎ, కొద్దిగా బి. సి రకాన్ని పైనున్న ఓజోన్, ఆక్సిజన్ పూర్తిగా పీల్చేసుకుంటాయి, నేల దాకా రానివ్వవు. క్రిముల మీద గట్టిగా పని చేసేది ఆ సి రకమే. సంతలో దొరికే చవక పరికరాల్లో కొన్ని 395, 405 నానోమీటర్ల ఎల్‌ఈడీలతో ఊదా రంగులో మెరుస్తుంటాయి. నోట్ల మీది గుర్తులు మెరిపించడానికి అవి బాగానే పనికొస్తాయి. గది శుద్ధికి మాత్రం వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కొనేముందు పెట్టె మీద తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఉందో లేదో చూడాలి. ఆ అంకె లేకపోతే ఆ పెట్టెను అక్కడే పెట్టేయడం మేలు.

254 దగ్గరి కిరణానికి అంత శక్తి ఎందుకంటే, డీఎన్‌ఏ 260 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని బాగా పీల్చుకుంటుంది. డీఎన్‌ఏలో థైమిన్ అనే భాగాలు పక్కపక్కన ఉన్నచోట ఈ కాంతి పడితే అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జిప్పులో రెండు పళ్లు కలిసి ఇరుక్కున్నట్టు. అలాంటి ముడులు ఎక్కువైతే క్రిమి తన ప్రతిని తయారుచేసుకోలేదు, అంటే పెరగలేదు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలోనూ దాదాపు ఇదే కథ, అక్కడ థైమిన్ బదులు యురాసిల్ ఉంటుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఇది క్రిమిని కాల్చి బూడిద చేసే పని కాదు, సంతానం లేకుండా చేసే పని. చాలా బ్యాక్టీరియాలకు ఆ ముడులు విప్పుకునే ఎంజైమ్ ఉంది, మామూలు వెలుతురు తగిలితే అది పని మొదలుపెడుతుంది. అందుకే అరకొర మోతాదు ఇచ్చి దీపం ఆర్పేస్తే కొన్ని తేరుకుని మళ్లీ లేస్తాయి.

మోతాదు అనే ఒక్క అంకె

యూవీ విషయంలో అన్నీ మోతాదు దగ్గరికే వస్తాయి. ఒక చదరపు సెంటీమీటరు మీద ఎంత తీవ్రతతో కాంతి పడుతోంది, ఎన్ని సెకన్లు పడింది, ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేదే మోతాదు. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీవాట్ చొప్పున ఒక సెకను పడితే ఒక మిల్లీజౌల్.

క్రిమిని బట్టి కావలసిన మోతాదు మారుతుంది. ఇ.కోలై లాంటి మామూలు బ్యాక్టీరియాకు చదరపు సెంటీమీటరుకు పది మిల్లీజౌల్స్ లోపే సరిపోతుంది. బీజాంశాల రూపంలో, అంటే గట్టి కవచంలాంటి పొరలో ముడుచుకుని ఉండే బ్యాక్టీరియాకు దానికి ఎన్నో రెట్లు కావాలి. వైరస్‌లలో అడినోవైరస్ మొండిది. తాగునీటిలో దాన్ని పదివేల వంతుకు తగ్గించాలంటే 186 మిల్లీజౌల్స్ ఇవ్వాలని అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన పెట్టింది. కాబట్టి "99.9 శాతం క్రిములు హతం" అని రాసి ఉంటే ఏ క్రిమి, ఎంత దూరంలో, ఎంతసేపు అని అడగాల్సిందే. పైగా 99.9 శాతం వినడానికి మొత్తం అన్నట్టే ఉంటుంది గానీ, లక్ష ఉన్నచోట వంద మిగలడం అది.

ఇప్పుడు ఒక గదిలోకి వెళ్దాం. 30 వాట్ల మామూలు క్రిమిసంహారక ట్యూబు ఒక మీటరు దూరంలో చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.1 మిల్లీవాట్ తీవ్రత ఇస్తుంది. పది మిల్లీజౌల్స్ మోతాదు కావాలంటే అక్కడ 100 సెకన్లు పడుతుంది. బాగానే ఉంది. అదే మూడు మీటర్ల దూరాన ఉన్న గోడ దగ్గరికి వెళ్తే, దూరం మూడింతలైంది కనుక తీవ్రత ఇంచుమించు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు 15 నిమిషాలు కావాలి. ఇదంతా కాంతి ఎదురుగా పడే చోట్లకు వేసిన లెక్క. నిలువుగా నిలబెట్టిన ట్యూబు నుంచి బల్ల పైభాగానికి కాంతి ఏటవాలుగా, రాసుకుంటూ వెళ్తుంది. అక్కడ పడే మోతాదు ఇంకా తక్కువ.

చేతిలో పట్టుకుని తిప్పే యూవీ కర్రలకు ఇదే లెక్క వేసి చూడండి. ఒక చిన్న ఎల్‌ఈడీ కర్ర మొత్తం 10 మిల్లీవాట్ల యూవీ-సి ఇస్తుందనుకుందాం. దాన్ని అరచేయంత జాగా మీద, అంటే 100 చదరపు సెంటీమీటర్ల మీద, ఒక్క చుక్క వృథా పోకుండా పరిచినా చదరపు సెంటీమీటరుకు వచ్చేది 0.1 మిల్లీవాట్. ఒక్కో అరచేయంత ముక్క మీద 100 సెకన్లు కదలకుండా పట్టుకోవాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవున్న బల్లలో అలాంటి ముక్కలు 72 ఉంటాయి. మొత్తం రెండు గంటలు. ప్రచార వీడియోల్లో మాత్రం బల్ల మీద కర్రను మంత్రదండంలా రెండుసార్లు ఊపి పక్కన పెట్టేస్తారు. ఆ రెండు గంటల్లో తడిగుడ్డతో ఇల్లంతా తుడవొచ్చు.

నీడ పడితే పని జరగదు

ద్రవమైతే సందుల్లోకి పాకుతుంది, ఆవిరైతే మూలల్లోకి చేరుతుంది. కాంతి తిన్నగా పోతుంది, అంతే. గది మధ్యలో యూవీ స్తంభం నిలబెట్టారనుకోండి. మంచం కమ్మీకి స్తంభం వైపున్న సగం మీద కాంతి బాగా పడుతుంది, రోగి వేళ్లు చుట్టి పట్టుకునే అవతలి సగం మీద పడదు. టీవీ రిమోట్‌లో బటన్ పైభాగం శుద్ధి అవుతుంది, బటన్ చుట్టూ ఉన్న గాడిలో చీకటే. కుర్చీ చేతి కింద, తలుపు పిడి వెనక, కర్టెన్ మడతల్లో కూడా అంతే. చివరికి ఒక దుమ్ము రేణువు కూడా దాని వెనకున్న బ్యాక్టీరియాకు గొడుగే. ఎండిన రక్తం, తెమడ, చేతి జిడ్డు ఉన్నచోట పై పొర కాంతిని మింగేస్తుంది, లోపలివి హాయిగా ఉంటాయి.

గోడలు కాంతిని తిరిగి విసిరి నీడల్ని పూడుస్తాయి కదా అంటారు. తెల్ల గోడ కంటికి తెల్లగా కనిపిస్తుంది గానీ, తెల్ల రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్ యూవీని పీల్చేసుకుంటుంది. యూవీ-సికి చాలా తెల్ల గోడలు దాదాపు నల్లగోడలే. మెరుగుపెట్టిన అల్యూమినియం బాగా తిప్పికొడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు అందులో సగం కూడా చేయదు. మూత వేసే యూవీ పెట్టెల లోపల అల్యూమినియం తొడుగు ఉండేది ఇందుకే. ఫోను, తాళాలు, మాస్కు లాంటి చిన్న వస్తువులకు అలాంటి పెట్టె నయం. దూరం తక్కువ, కాంతి నలువైపుల నుంచీ పడుతుంది, మూత తీస్తే దీపం తనంతట తానే ఆరిపోతుంది.

ఈ లెక్కన గదుల శుద్ధిలో యూవీ స్థానం తుడిచిన తర్వాతే. ముందు సబ్బు, నీళ్లు, మందు. ఆ తర్వాత యూవీ అదనపు పొర. ఆ అదనపు పొరకు విలువ లేదని కాదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో తొమ్మిది ఆసుపత్రుల్లో చేసిన ఒక పెద్ద ప్రయోగ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మందులకు లొంగని క్రిములున్న రోగి ఖాళీ చేసిన గదిని మామూలుగా తుడిచి ఊరుకోవడం, తుడిచాక యూవీ కూడా వేయడం, ఇలా పోల్చి చూశారు. మామూలు క్రిమిసంహారక ద్రవానికి యూవీ తోడైన గదుల్లో, తర్వాత చేరిన రోగులకు ఆ క్రిములు అంటుకోవడం సుమారు 30 శాతం తగ్గింది. బీజాంశాలు పెట్టే సి.డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా విషయంలో మాత్రం బ్లీచ్‌కు యూవీ తోడైనా తేడా కనబడలేదు. మంచి ఫలితమే. అయితే అది శిక్షణ పొందిన సిబ్బంది, పెద్ద యంత్రాలు, తుడిచిన గదులు ఉన్నచోట వచ్చిన ఫలితం. దాన్ని చూపించి పడకగది దీపం అమ్మడం న్యాయం కాదు.

మనిషికి హద్దు ముందే వస్తుంది

ఇప్పుడు అదే లెక్కను మనిషి వైపు నుంచి చూద్దాం. 254 నానోమీటర్ల కిరణానికి కన్ను, చర్మం విషయంలో అంతర్జాతీయంగా పాటించే హద్దు, 8 గంటల పని రోజుకు చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీజౌల్స్. పైన చెప్పిన 30 వాట్ల ట్యూబుకు ఒక మీటరు దూరంలో నిలబడితే ఆ హద్దు 60 సెకన్లలో దాటిపోతుంది. ఎదురుగా ఉన్న బల్ల మీది బ్యాక్టీరియాకు పది మిల్లీజౌల్స్ అందడానికి అక్కడే 100 సెకన్లు కావాలి. మూడు మీటర్ల దూరం జరిగితే మనిషికి 9 నిమిషాలు, బ్యాక్టీరియాకు 15. ఎంత దూరం జరిగినా వరస మారదు, మనిషి హద్దే ముందు వస్తుంది. నేరుగా పడే 254 కాంతిలో మనిషి ఉండగా గది శుద్ధి చేయడం కుదరదన్న మాట ఈ రెండు అంకెల్లోనే ఉంది. తక్కువ వాట్ల దీపమైతే ఫర్వాలేదా? అక్కడ మనిషికి ఎక్కువ టైము దొరుకుతుంది, క్రిమికీ అంతే ఎక్కువ టైము దొరుకుతుంది.

దెబ్బ తగిలిన వెంటనే తెలియకపోవడం ఇందులో అసలు చిక్కు. వేడి అనిపించదు, కళ్లు చెదరవు. మనిషి తన పని తాను చేసుకుని వెళ్లిపోతాడు. కొన్ని గంటలు గడిచాక, తరచుగా రాత్రి నిద్రలో, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. నీళ్లు కారతాయి, వెలుతురు వైపు చూడలేరు. కంటి ముందు పొర ఎండదెబ్బ తిన్నట్టు అవుతుంది, ముసుగు లేకుండా వెల్డింగ్ మెరుపు చూసినవాళ్లకు వచ్చేదీ ఇదే. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, కానీ ఆ రోజుల్లో నరకమే. నొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. చర్మమైతే ఎర్రగా కందిపోతుంది. మధ్యాహ్నం జరిగినదానికి అర్ధరాత్రి మంట పుడితే, చాలామంది దీపాన్ని అనుమానించరు. మర్నాడు మళ్లీ అదే దీపం కింద కూర్చుంటారు.

చేతులు శుభ్రం చేసుకోవడానికి యూవీ దీపాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ తొలినాళ్లలోనే చెప్పింది. చేత్తో పట్టుకునే కొన్ని యూవీ కర్రలు సెకన్లలోనే కళ్లకు, చర్మానికి గాయం చేయగలవని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. పైన లెక్కలో చూసిన కర్ర బలహీనమైనది, బల్ల మీద పనికిరాదు. పనికొచ్చేంత బలమున్నదైతే పట్టుకున్న చేతికి, పక్కనున్న పిల్లల కళ్లకు ముప్పు. ఈ పరికరాన్ని ఎటునుంచి చూసినా వెనకేసుకు రావడం కష్టం.

ఊరట ఏమిటంటే, యూవీ-సిని ఆపడం తేలిక. మామూలు కిటికీ అద్దం దాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ట్యూబును మామూలు గాజుతో కాకుండా క్వార్ట్జ్‌తోనో, యూవీని దాటనిచ్చే ప్రత్యేక గాజుతోనో చేయడానికి కారణం అదే. పాలికార్బొనేట్ ముఖకవచం, మందపాటి బట్ట, తలుపు చెక్క, అన్నీ ఆపుతాయి. కాబట్టి ఖాళీ గదిలో దీపం, బయట స్విచ్, తలుపుకు తెరవగానే దీపం ఆరిపోయే ఏర్పాటు, ఆలస్యంగా వెలిగే టైమరు, తలుపు మీద బోర్డు, ఇవి ఉంటే చాలావరకు భయం లేదు. తలుపు కింది సందు, వెంటిలేటరు మాత్రం మర్చిపోకూడదు. మనిషి కదలికను పసిగట్టి ఆపేసే సెన్సర్ ఉందని ధీమాగా ఉండేవాళ్లుంటారు. అలాంటి సెన్సర్లలో ఎక్కువ భాగం కదిలే మనిషినే గుర్తిస్తాయి. దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నవాళ్లు వాటి దృష్టిలో లేనట్టే. గదిలోకి వెళ్లి స్వయంగా చూసి, తలుపు వేసి, అప్పుడే స్విచ్ వేయాలి. పెంపుడు జంతువులకూ కళ్లున్నాయి. మొక్కల ఆకులు మాడిపోతాయి, ప్లాస్టిక్ పచ్చబడి పెళుసెక్కుతుంది, బొమ్మలు, తెరలు రంగు వెలిసిపోతాయి.

వాసన సంగతి ఒకటుంది. పాదరసపు ట్యూబు 185 నానోమీటర్ల కిరణాన్ని కూడా పుట్టిస్తుంది, అది గాలిలోని ఆక్సిజన్‌ను ఓజోన్‌గా మారుస్తుంది. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ కిరణాన్ని బయటికి రానివ్వని గాజుతో చేసిన ట్యూబులను ఓజోన్ లేనివిగా అమ్ముతారు, గదులకు వాటినే తీసుకోవాలి. "ఓజోన్‌తో రెట్టింపు శుద్ధి" అని గొప్పగా రాసి ఉంటే అది వద్దనుకోవడానికి కారణం. ఏ దీపమైనా ఆర్పాక కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం మంచి అలవాటు.

గాలి దగ్గర కథ వేరు

వస్తువుల మీద ఇన్ని ఇబ్బందులు పడే యూవీ, గాలి విషయంలో చాలా మెరుగ్గా పని చేస్తుంది. కారణం మళ్లీ నీడే. గాలిలో తేలే తుంపరకు వెనక దాక్కోవడానికి ఏమీ లేదు, పైగా అది తనంతట తానే తిరుగుతూ కాంతిలోకి వస్తుంది. ఈ ఆలోచన పాతదే. 1930లలో అమెరికాలో విలియం వెల్స్ గది పైభాగంలో మాత్రమే యూవీ వెలిగించే పద్ధతిని బడుల్లో పరీక్షించారు. 1941లో ఫిలడెల్ఫియా ప్రాంతంలో తట్టు ప్రబలినప్పుడు దీపాలున్న తరగతుల్లో పిల్లలకు తట్టు బాగా తక్కువగా సోకింది. తర్వాత వేరేచోట్ల చేసిన ప్రయోగాల్లో అంత గొప్ప ఫలితం రాలేదు. తరగతిలో యూవీ ఉన్నా, పిల్లలు ఒకే బస్సులో కిక్కిరిసి ఇంటికి వెళ్లేచోట ఆ దీపం ఎంతని కాపాడుతుంది?

ఈ పద్ధతిలో దీపాలను 2.1 మీటర్ల కంటే పైన బిగిస్తారు, పట్టీల మధ్య నుంచి కాంతి అడ్డంగా, పైకప్పుకు దగ్గరగా వెళ్లేలా చేస్తారు. క్షయ గదుల కోసం అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2009లో ఇచ్చిన సూచనల ప్రకారం పైభాగంలో సగటున చదరపు సెంటీమీటరుకు 30 నుంచి 50 మైక్రోవాట్ల (మిల్లీవాట్‌లో వెయ్యో వంతు ఒక మైక్రోవాట్) తీవ్రత ఉండాలి. కింద, మనుషుల కళ్ల ఎత్తులో, 0.2 మైక్రోవాట్ దాటకూడదు. ఆ 0.2ను 8 గంటల సెకన్లతో, అంటే 28,800తో హెచ్చవేస్తే 5.76 మిల్లీజౌల్స్ వస్తుంది. మనిషి హద్దయిన ఆరుకు ఒక మెట్టు కింద. మనిషిని, కాంతిని ఒకే గదిలో రెండు అంతస్తుల్లా విడదీయడం వల్ల ఇది సాధ్యమైంది. కింద గాలి పైకి, పై గాలి కిందికి కలిసేలా ఫ్యాను తిరగాలి, లేకపోతే పైనున్న గాలే మళ్లీ మళ్లీ శుద్ధి అవుతుంది. పెరూ రాజధాని లిమాలో ఒక ఆసుపత్రి వార్డు గాలిని గినీ పందులున్న గదుల్లోకి పంపి చూశారు. మామూలు గాలి పీల్చినవాటిలో 35 శాతానికి క్షయ సోకింది. వార్డులో పైభాగపు యూవీ వెలిగిన రోజుల గాలి పీల్చినవాటిలో 9.5 శాతానికే సోకింది. 2009లో ఈ ఫలితాలు వచ్చాయి.

ఇప్పుడు అందరూ మాట్లాడుతున్న 222 నానోమీటర్ల దీపాల గొప్పతనం కూడా మనిషి హద్దు, క్రిమి మోతాదుల లెక్కలోనే అర్థమవుతుంది. క్రిప్టాన్, క్లోరిన్ వాయువులతో చేసే ఈ దీపాల కాంతిని ప్రోటీన్లు గట్టిగా పీల్చుకుంటాయి. చర్మం పైనున్న మృతకణాల పొరలోనే, కంటి తడిపొరలోనే చాలావరకు ఆగిపోతుంది. బ్యాక్టీరియా, వైరస్ అంతకంటే ఎంతో చిన్నవి కనుక వాటి లోపలి దాకా చేరుతుంది. దీనికి మనిషి హద్దు పాత లెక్కల్లోనే రోజుకు 23 మిల్లీజౌల్స్ వరకు ఉంది. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2022లో కళ్లకు దాన్ని 160 చుట్టుపక్కలకు పెంచింది, చర్మానికి ఇంకా ఎక్కువ. అంటే 254లో ముందుండే మనిషి హద్దు ఇక్కడ క్రిమి మోతాదుకు వెనక్కి జరిగింది. మనుషులుండగానే వెలిగించవచ్చన్న ఆశ దాని నుంచే పుట్టింది. అయితే ఈ దీపాలు 222తో పాటు అంతకన్నా పొడవైన, హానిచేసే కిరణాలను కూడా కొద్దిగా విడుస్తాయి, వాటిని వడకట్టే ఫిల్టర్ తప్పనిసరి. గాలి సరిగ్గా ఆడని గదుల్లో ఇవి పుట్టించే కొద్దిపాటి ఓజోన్ కూడా పోగుపడుతుంది. ఫిల్టర్ లేని చవక 222 దీపాన్ని కొని తల మీద బిగించుకోవడం కంటే, ఆ డబ్బుతో కిటికీకి మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించుకోవడం తెలివైన పని.

ఏ దీపం పెట్టినా అది పాతబడుతుంది. పాదరసపు ట్యూబు దాదాపు 9,000 గంటలు, అంటే రాత్రింబవళ్లు వెలిగితే ఏడాది, పని చేశాక యూవీ-సి బాగా తగ్గిపోతుంది. నీలి వెలుగు మాత్రం తగ్గినట్టు కనిపించదు. ట్యూబు మీద దుమ్ము, వేలిముద్రల జిడ్డు పేరుకున్నా అంతే, లోపల పుట్టిన కిరణం బయటికి రాదు. చల్లారాక నూలు వదలని గుడ్డకు ఆల్కహాల్ అద్ది తుడవాలి, వట్టి వేళ్లతో ముట్టుకోకూడదు. బిగించిన తేదీ ట్యూబు హోల్డరు పక్కన రాసిపెట్టుకోవాలి. పెద్ద ఏర్పాట్లున్న చోట 254కు సరిచేసిన మీటరుతో ఏటా కొలుస్తారు, చిన్నచోట్ల మోతాదును బట్టి రంగు మారే కార్డులు నీడ పడే మూలల్లో అతికించి చూసుకోవచ్చు. మంచం కింద అతికించిన కార్డు రంగు మారకుండా అలాగే ఉంటే, ఆ మంచాన్ని గోడ నుంచి లాగి దీపాన్ని రెండో వైపు పెట్టి ఇంకోసారి వెలిగించాలి. ట్యూబు పగిలితే కిటికీలు తెరిచి అందరూ కాసేపు బయటికి వెళ్లాలి, తర్వాత ముక్కల్ని అట్టతో ఎత్తి మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయాలి. లోపల పాదరసం ఉంది కనుక చీపురుతో ఊడ్చినా, వాక్యూమ్ క్లీనర్ పెట్టినా అది గదంతా చెదురుతుంది.